చిత్రములు దాచు పెట్టె – దాని ఆయుర్దాయము

సాలూరు లారీల ఊరు. తూర్పు కనుమల అడుగున, వేగావతి ఒడ్డున ఉన్న ఈ పట్టణమునుండి 26వ నంబరు జాతీయ రహదారి సుంకి ఘాటు ఎక్కి, కొరాపుట్, జయపురముల వైపు పోవును. ఇచ్చటి షెడ్లలో పనిచేయు మేస్త్రీలకు ఒక విషయము బాగుగా తెలియును. లారీ అనునది ఒక్క వస్తువు కాదు. ఛాసిస్ ఒకటి, ఇంజను ఒకటి, బాడీ మరియొకటి. బాడీ పాడైనచో క్రొత్తది కట్టింతురు. ఇంజను అరిగినచో విప్పి బాగుచేయింతురు. ఛాసిస్ గట్టిగా ఉన్నంతకాలము బండి నడచుచునే యుండును. ఏ భాగము మార్చవచ్చును, ఏ భాగము మార్చుటకు వీలుకాదు అను తెలివియే బండి ఆయుర్దాయమును నిర్ణయించును.

ఈ తెలివిని మరియొక యంత్రమునకు అన్వయించి చూతము. నేడు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులలోను, దుకాణములలోను, పాఠశాలలలోను గోడకు సీసీ కెమెరాలు కనబడుచున్నవి. అవి చూచిన దృశ్యములన్నియు ఒక చిన్న పెట్టెలో చేరుచున్నవి. దానినే డిజిటల్ వీడియో రికార్డరు, సంక్షేపముగా డి.వి.ఆర్., అందురు. ఒక ఆఫీసు గుమ్మము ముందు లారీకి 200 బస్తాలు ఎక్కించిరనుకొనుడు. దింపినచోట 196 మాత్రమే లెక్కకు వచ్చినవి. ఉత్తరప్రత్యుత్తరములు జరిగి తగవు సాలూరునకు చేరుసరికి ఎనిమిదో పదో దినములు గడచును. పెట్టె తెరచి చూచినచో లోడు ఎక్కించిన నాటి దృశ్యము అందు ఉండదు. ఐదారు దినములకు పూర్వమున్నదంతయు చెరిగిపోయియుండును. అప్పుడు నష్టమెవరు భరింపవలెను? సాధారణముగా అది డ్రైవరు మీదనో, కళాసీల మీదనో పడును. నిజము చెప్పగల సాక్షి ఉండికూడ మరచిపోయినట్లే.

ఇట్టి సందర్భములో "పెట్టె పాతబడినది, క్రొత్తది కొనుడు" అను సలహా సులభముగా వినవచ్చును. అది సరియైన సలహాయేనా? ఈ ప్రశ్నకు సమాధానము ఆ యంత్రము యొక్క చరిత్రలోనే ఉన్నది.

ఒకే సంవత్సరము పుట్టిన ఇద్దరు పూర్వులు

డి.వి.ఆర్.కు ఇద్దరు పూర్వులు. చిత్రముగా ఆ ఇద్దరును 1956వ సంవత్సరములోనే పుట్టిరి. కాని వారు ఒకరినొకరు కలిసికొనుటకు నాలుగు దశాబ్దములు పట్టినది.

మొదటిది అయస్కాంతపు టేపుపై దృశ్యమును వ్రాయు యంత్రము. అమెరికాలోని ఆంపెక్స్ సంస్థలో ఛార్లెస్ గిన్స్‌బర్గ్ నాయకత్వమున పనిచేసిన ఇంజనీర్లు దానిని 1956 ఏప్రిల్‌లో షికాగో నగరములో ప్రదర్శించిరి. ధ్వనిని టేపుపై వ్రాయుట అప్పటికే తెలిసిన విద్య. కాని దృశ్యములో మార్పులు సెకనుకు లక్షల సంఖ్యలో జరుగును. వాటిని పట్టుకొనవలెనన్న టేపు మిక్కిలి వేగముగా పరుగెత్తవలెను. అంత టేపు ఎచ్చటనుండి తెచ్చుట? ఆ ఇంజనీర్లు టేపును పరుగెత్తించుటకు బదులు వ్రాయు మొనలనే త్రిప్పిరి. రెండంగుళముల వెడల్పుగల టేపు సెకనుకు 15 అంగుళముల చొప్పున మెల్లగా కదలుచుండగా, నాలుగు మొనలు గల చక్రము నిమిషమునకు 14,400 చుట్లు తిరుగుచు దానిపై అడ్డముగా గీతలు వ్రాసెడిది.

రెండవది హార్డ్ డిస్కు. 1956 సెప్టెంబరులో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన యంత్రములో 24 అంగుళముల వ్యాసముగల 50 పళ్ళెములు ఒకే ఇరుసుపై నిమిషమునకు 1,200 చుట్లు తిరిగెడివి. ఆ పళ్ళెములన్నింటిమీద కలిపి 50 లక్షల అక్షరములు పట్టెడివి. ఒక్కొక్క అక్షరమునకు 6 బిట్లు. అనగా మొత్తము 3 కోట్ల బిట్లు. బిట్టు అనగా 0 లేక 1 అను ఒక్క గుర్తు. 8 బిట్లు చేరినచో నేటి లెక్కలో ఒక బైటు అగును.

టేపునకును డిస్కునకును ఉన్న ముఖ్య భేదమును విద్యార్థులు గమనింపవలెను. టేపు తాటియాకుల చుట్ట వంటిది కాదు, ఒకే పొడవైన దారము వంటిది. నడుమనున్న విషయము కావలెనన్న మొదటినుండి చుట్టుకొనుచు పోవలెను. డిస్కు పుస్తకము వంటిది. ఏ పుట కావలసిన ఆ పుట వెంటనే తెరువవచ్చును. దృశ్యములు వెదకుటకు డిస్కే అనుకూలము. అయినను ఆ రోజులలో దానిలో చోటు చాలదు. ఎందువలననో లెక్కవేసి చూతము.

మన దేశపు పాత టెలివిజను పద్ధతిని అంకెలలోనికి మార్చినచో ఒక్కొక్క చిత్రములో 720 నిలువు వరుసలు, 576 అడ్డు వరుసలు చుక్కలుండును. సెకనుకు 25 చిత్రములు. ఒక్కొక్క చుక్కకు 16 బిట్లు. వీటినన్నింటిని గుణించినచో సెకనుకు 16,58,88,000 బిట్లు వచ్చును. 1956 నాటి ఆ మహాయంత్రమంతయు నిండుటకు సెకనులో ఐదవ వంతు కాలము కూడ పట్టదు!

అయినను డిస్కుపై ఆశ చావలేదు. 1967లో ఆంపెక్స్ సంస్థయే ఒక డిస్కు యంత్రమును చేసినది. అందులో పట్టునది 30 సెకనుల దృశ్యము మాత్రమే. ఆటలపోటీలలో ఒక ఘట్టమును వెంటనే మరల, మెల్లగా చూపుటకు అది ఉపయోగపడినది. తక్కిన పనులన్నియు టేపుతోనే జరిగినవి. 1975లో బీటామాక్స్, 1976లో వి.హెచ్.ఎస్. టేపులు ఇండ్లలోనికి వచ్చినవి. కాపలా కెమెరాలకు కూడ టేపే ఆధారము. ఒక దినమంతయు ఒకే టేపుపై పట్టవలెనని సెకనుకు కొద్ది చిత్రములు మాత్రమే వ్రాయు ప్రత్యేక యంత్రములు వచ్చినవి. మాటిమాటికి వాడిన టేపు అరిగి, చిత్రములు మసకబారెడివి.

చోటును పొదుపుచేసిన గణితము

డిస్కునకు టేపునకు ఉన్న పోటీని తేల్చినది లోహము కాదు, గణితము. 1974 జనవరిలో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అను ముగ్గురు శాస్త్రజ్ఞులు అమెరికాలో ఒక పత్రము ప్రకటించిరి. అందులో వారు చెప్పిన పద్ధతిని వివిక్త కోసైను పరివర్తనము అనవచ్చును. హైస్కూలు త్రికోణమితిలో మనము చదువు కోసైనే ఇది.

దీని భావమును స్థూలముగా చెప్పవచ్చును. ఆకాశపు ఫొటోలో ప్రక్కప్రక్కనున్న చుక్కలన్నియు దాదాపు ఒకే నీలిరంగు. ప్రతి చుక్క విలువను విడివిడిగా వ్రాయుట వ్యర్థము. చిత్రమును చిన్నచిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిని కొన్ని కోసైను తరంగముల మొత్తముగా వ్రాసినచో, కొన్ని తరంగములకే ఎక్కువ విలువ వచ్చును. తక్కినవి సున్నకు సమీపముగా ఉండును. వాటిని విడిచివేసినను కంటికి తెలియదు. ఇది ఒక పొదుపు. ఒక చిత్రమునకును తరువాతి చిత్రమునకును మారిన భాగమును మాత్రమే వ్రాయుట రెండవ పొదుపు. ఖాళీగా ఉన్న ఆవరణను కెమెరా గంటసేపు చూచినను క్రొత్తగా వ్రాయవలసినది అల్పము.

ఈ రెండు పొదుపుల ఆధారముతో 1993లో ఎంపెగ్-1, 2003లో హెచ్.264, 2013లో హెచ్.265 అను ప్రమాణములు వెలువడినవి. సెకనుకు 16 కోట్లకు పైగా ఉన్న బిట్లు సుమారు 20 లక్షలకు తగ్గినవి. అనగా ఎనుబదవ వంతు. ఇదే కాలములో హార్డ్ డిస్కు వెల పడిపోయి, దాని పరిమాణము పెరిగినది. 1956లో పుట్టిన ఇద్దరును ఇప్పుడు కలిసికొనిరి.

1999లో అమెరికాలో టివో, రీప్లే టీవీ అను పెట్టెలు ఇండ్లకు వచ్చినవి. టెలివిజను కార్యక్రమములను హార్డ్ డిస్కుపై దాచి, కావలసినప్పుడు చూపుట వాటి పని. మన దేశములో టాటా స్కై ప్లస్ అను పెట్టె 2008లో ఇట్టి పనినే చేసినది. మొదటి టివో పెట్టెలలో ఒక రకము 14 గంటల దృశ్యమును మాత్రమే దాచగలిగెడిది. కొనినవారికి కొద్దికాలములోనే అది చాలలేదు. వారిలో కొందరు ఔత్సాహికులు మూత విప్పి చూచిరి. లోపల ఉన్నది సాధారణమైన కంప్యూటరు డిస్కే. దానిని నడపుచున్నది లినక్స్ అను అందరికి అందుబాటులోనున్న వ్యవస్థయే. వారు పెద్ద డిస్కులు తెచ్చి, పాతదానిలోని విషయమును అందులోనికి నకలు చేసి బిగించిరి. 14 గంటల పెట్టె నూరు గంటల పెట్టె అయినది. రికార్డరు ఆయుర్దాయమును పెంచు విద్య ఇట్లు ప్రచారములోనికి వచ్చినది.

కాని ఒక చోట ఆ విద్య ఆగిపోయినది. ఎంత పెద్ద డిస్కు పెట్టినను 137 గిగాబైట్లకు మించి పెట్టె గుర్తింపలేదు. డిస్కు మంచిదే, తీగలు మంచివే, విద్యుత్తు చాలినంత ఉన్నది. మరి అడ్డమేమి?

ఇంటి నంబర్ల కథ

ఒక ఊరిలో ఇండ్లకు మూడంకెల నంబర్లు మాత్రమే వేయవలెనని నియమముండెననుకొనుడు. 000 మొదలు 999 వరకు వేయి ఇండ్లకు నంబర్లు చాలును. వేయిన్నొకటవ ఇల్లు కట్టుటకు స్థలమున్నది, ఇటుకలున్నవి, కాపురము చేయువారున్నారు. కాని దానికి ఉత్తరము చేరదు. అంతకన్న ప్రమాదమేమనగా, పోస్టుమాను ముందున్న 1ని విడిచి 000 అని చదివి, ఆ ఉత్తరమును మొదటి ఇంటిలో వేయవచ్చును.

హార్డ్ డిస్కులో కూడ ఇట్లే. డిస్కు సెక్టారులను గదులుగా విభజింపబడియుండును. ఒక్కొక్క సెక్టారులో చిరకాలముగా 512 బైట్లు. ప్రతి సెక్టారునకు ఒక నంబరు. ఆ నంబరును 0, 1 అను గుర్తులతో వ్రాయుదురు. ఎన్ని గుర్తులు కేటాయింపబడినవో దానినిబట్టి ఊరి పరిమాణము తేలును.

1994లో ప్రమాణముగా వెలువడిన ఏ.టి.ఏ. పద్ధతిలో నంబరునకు 28 బిట్లు కేటాయించిరి. 2ను 28 మారులు గుణించినచో 26,84,35,456 వచ్చును. దానిని 512చే గుణించినచో 1,37,43,89,53,472 బైట్లు. అదియే 137 గిగాబైట్ల గోడ. అంతకు పూర్వము వ్యక్తిగత కంప్యూటర్లలో ఇంకను చిన్న గోడ ఉండెడిది. రెండు వేరువేరు లెక్కపద్ధతులు ఒకదానితో నొకటి పొసగుటకై ఒక్కొక్కదానిలోని చిన్న సంఖ్యను తీసికొనవలసి వచ్చినందున, 1024 × 16 × 63 సెక్టారులకు, అనగా 52,84,82,304 బైట్లకు అది పరిమితమైనది.

137 గిగాబైట్ల గోడను 2002లో ఏ.టి.ఏ.-6 ప్రమాణము తొలగించినది. నంబరునకు 48 బిట్లు వచ్చినవి. కాని డిస్కు మారినంత మాత్రమున చాలదు. పెట్టెను నడపు ప్రోగ్రాము కూడ క్రొత్త నంబర్లు చదువగలిగియుండవలెను. పాత టివో యజమానులలో కొందరు ఆ ప్రోగ్రామునే సవరించి గోడను దాటిరి.

అంతటితో గోడలు అంతము కాలేదు. డిస్కును భాగములుగా విభజించి వ్రాయు చిట్టాలో సెక్టారు నంబరునకు 32 బిట్లు వాడుట ఆచారము. 2ను 32 మారులు గుణించి, 512చే హెచ్చించినచో 21,99,02,32,55,552 బైట్లు, అనగా సుమారు 2.2 టెరాబైట్లు. బజారులో దొరకు డిస్కులు 2 టెరాబైట్లు, 3 టెరాబైట్లు, 4 టెరాబైట్లు, ఇట్లుండును. 2.2 లోపల పట్టునది 2 మాత్రమే. చాలా పాత డి.వి.ఆర్.ల వివరపత్రములలో "గరిష్ఠము 2 టెరాబైట్లు" అని కనబడుటకు తరచు కారణము ఇదియే.

దీనినుండి ఒక ముఖ్యవిషయము తేలుచున్నది. ఈ పెట్టెలు అరుగుటచేత మాత్రమే ముసలివగుట లేదు. వాటి ముసలితనమును పుట్టినప్పుడే ఒక సంఖ్య నిర్ణయించుచున్నది. ఆ సంఖ్య తెలిసినవాడు పెట్టెను ఇంకను ఎంతకాలము వాడవచ్చునో ముందుగా చెప్పగలడు. తెలియనివాడు మంచి పెట్టెను పారవేయును, లేదా పనికిరాని పెట్టెకు పెద్ద డిస్కు కొని ధనము పోగొట్టుకొనును.

ముప్పది దినముల లెక్క

ఇప్పుడు మన లారీ ఆఫీసునకు వత్తము. దృశ్యములు ఎన్ని దినములు ఉండవలెను? దీనికొక కొలబద్ద మన చట్టములోనే ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన 2013 నాటి ప్రజాభద్రతా చర్యల అమలు చట్టము ప్రకారము, ఒక పర్యాయము నూరుమంది లేక అంతకెక్కువమంది కూడు అవకాశమున్న సంస్థలు కెమెరాలు పెట్టి, దృశ్యములను 30 దినములు భద్రపరచవలెను. చిన్న ఆఫీసులు ఆ చట్టము క్రిందికి రాకపోవచ్చును. అయినను 30 దినములు అనునది మంచి కొలత. పోలీసు స్టేషన్ల విషయమున సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఇంకను పెద్ద కొలత పెట్టినది. దృశ్యములు 18 నెలలు నిలువవలెను. అట్టి పరికరములు దొరకనిచో ఎంత ఎక్కువ కాలము వీలైన అంతకాలము, ఏ పరిస్థితిలోను ఒక సంవత్సరమునకు తగ్గరాదు. నిర్బంధములో ఉన్న మనిషి దేహమునకు, మానమునకు ఆ పెట్టెలోని దినముల సంఖ్య రక్షణమగుచున్నది.

ఒక ఆఫీసులో నాలుగు కెమెరాలున్నవి. ఒక్కొక్కదానికి సెకనుకు 20 లక్షల బిట్లు. 8చే భాగించినచో 2,50,000 బైట్లు. దినమునకు 86,400 సెకనులు. గుణించినచో ఒక కెమెరాకు 21.6 గిగాబైట్లు, నాలుగింటికి 86.4 గిగాబైట్లు. పెట్టెలో మొదట ఉన్నది 500 గిగాబైట్ల డిస్కు అయినచో అది ఆరు దినములైనను నిండకమునుపే నిండిపోవును. పలక నిండినప్పుడు పిల్లవాడు పైవరుసను తుడిచి మరల వ్రాయునట్లు, పెట్టె అన్నిటికన్న పాత దృశ్యముపై క్రొత్తది వ్రాయును. బస్తాల తగవులో సాక్షి మరచిపోవుటకు కారణము ఈ భాగహారమే.

30 దినములకు కావలసినది 86.4 × 30, అనగా 2,592 గిగాబైట్లు. మన పాత పెట్టె గోడ 2.2 టెరాబైట్లు. అందులో 2 టెరాబైట్ల డిస్కు పెట్టినచో 23 దినములు వచ్చును. ఏడు దినములు తక్కువ. ఇచ్చట ఆగి "పెట్టె పనికిరాదు" అనుట తొందరపాటు. మరియొక ఉపాయమున్నది. సెకనుకు 25 చిత్రములకు బదులు 15 వ్రాయించి, బిట్ల సంఖ్యను 15 లక్షలకు తగ్గింపవచ్చును. అప్పుడు దినమునకు 64.8 గిగాబైట్లు, 30 దినములకు 1,944 గిగాబైట్లు. 2 టెరాబైట్లలో పట్టును! బస్తాలు మోయు మనుష్యులను, వచ్చిపోవు లారీలను గుర్తించుటకు సెకనుకు 15 చిత్రములు చాలును. చిత్రములోని చుక్కలను మాత్రము తగ్గింపరాదు. తగ్గించినచో లారీ నంబరు చదువుటకు వీలుపడదు. పెట్టె తన చిట్టా వ్రాసికొనుటకు కొంత చోటు వాడుకొనునుగాన, రాత్రివేళ కదలిక ఉన్నప్పుడే వ్రాయునట్లు అమర్చుకొనుట మేలు.

ఏది ఛాసిస్, ఏది బాడీ?

లారీ మేస్త్రీ దృష్టితో పెట్టెను విప్పి చూచినచో భాగములు మూడు విధములుగా కనబడును.

సులభముగా మార్చదగినవి మొదటి విధము. హార్డ్ డిస్కు, గాలిపంకా, గడియారమునకు ఆధారమైన నాణెమంత బ్యాటరీ, బయటి విద్యుత్ అడాప్టరు ఇట్టివి. డిస్కు కొనునప్పుడు దాని తీగ అమరిక చూడవలెను. మిక్కిలి పాతవాటిలో వెడల్పాటి పట్టీ వంటి తీగ ఉండును. 2003 తరువాత వాడుకలోనికి వచ్చిన సాటా పద్ధతిలో సన్నని తీగ ఉండును. రేయింబవళ్ళు వ్రాయుటకై చేసిన కాపలా డిస్కులు ప్రత్యేకముగా దొరకును. డిస్కు తిరుగ మొదలుపెట్టునప్పుడు 12 వోల్టుల వద్ద సుమారు 2 ఆంపియర్ల విద్యుత్తు లాగవచ్చును. ఓల్టులను ఆంపియర్లతో గుణించినచో 24 వాట్లు. చిన్న అడాప్టరు ఆ బరువు మోయలేక పెట్టె మాటిమాటికి ఆగి మొదలగుచుండును. అప్పుడు తప్పు డిస్కుది కాదు. పాతదానిలో కావలసిన దృశ్యములున్నచో ముందుగా వాటిని వేరొకచోట నకలు తీసికొనవలెను. ఏలనన క్రొత్త డిస్కును పెట్టె తన పద్ధతిలో సిద్ధముచేయునప్పుడు అందులోని సమస్తమును చెరిపివేయును.

కొంత నేర్పుతో మార్చదగినవి రెండవ విధము. విద్యుత్తును నిలకడగా ఉంచు కెపాసిటర్లలో ఒక ద్రవముండును. వేడికి అది మెల్లగా ఎండిపోవును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో వాటి ఆయుస్సు సుమారు సగమగునని ఇంజనీర్ల లెక్క. మన వేసవిలో దుమ్ముపట్టిన మూసిన అరలో పెట్టెను ఉంచుటకంటె గాలి తగులు చోట ఉంచుట ఖర్చులేని వైద్యము.

మార్చుటకు వీలుకానిది మూడవ విధము. చిత్రమును కుదించు చిప్పు, కెమెరా సంకేతమును చదువు భాగము ఇందులోనివి. హెచ్.264 చిప్పును హెచ్.265 చేయుట సాధ్యము కాదు. పాత కెమెరా చిత్రములో 4,14,720 చుక్కలు. నేటి 1920 × 1080 కెమెరా చిత్రములో 20,73,600 చుక్కలు. అయిదు రెట్లు. ఆ సంకేతమును పాత పెట్టె చదువలేదు. ఇదియే పెట్టెకు ఛాసిస్. ఇది చాలనప్పుడు క్రొత్త పెట్టె కొనక తప్పదు. అప్పుడుకూడ గోడలలో పరచిన ఏకాక్ష తీగలను పీకివేయ నక్కరలేదు. ఆ తీగల మీదనే ఎక్కువ చుక్కల చిత్రములను పంపు పద్ధతులు గత దశాబ్దములో వ్యాపించినవి. పాత, క్రొత్త కెమెరాలను రెంటిని చదువు పెట్టెలును దొరకుచున్నవి.

తాళము మార్చని పాత ఇల్లు

పాత పెట్టెకు ఆయుస్సు పోయువారు మరువరాని ఘట్టమొకటి 2016లో జరిగినది. మిరాయి అను దుష్ట ప్రోగ్రాము ఇంటర్నెట్టునకు కలిపియున్న కెమెరాలను, డి.వి.ఆర్.లను వెదకి, కర్మాగారములో పెట్టిన సంకేతపదములతో వాటిలోనికి ప్రవేశించినది. దానివద్ద ఉన్నది అరువదికి పైగా పేర్ల, సంకేతపదముల జాబితా మాత్రమే. యజమానులు వాటిని మార్చకపోవుటయే దాని బలము. అట్లు వశమైన వేలాది పెట్టెలన్నియు ఒక్కసారిగా ప్రశ్నలు కురిపించుటచే, 2016 అక్టోబరు 21న అమెరికాలో డిన్ అను సంస్థ నడపు ఇంటర్నెట్టు చిరునామాల సేవ స్తంభించినది. ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అనేకులకు అందలేదు. ఆ పెట్టెల యజమానులకు తమ పెట్టె దొంగలతో కలిసినదని తెలియనే తెలియదు.

కాబట్టి పాత పెట్టెకు డిస్కు పెంచునప్పుడే సంకేతపదము మార్చవలెను. తయారుచేసినవారు సవరించిన ప్రోగ్రాము ఇచ్చియున్నచో దానిని ఎక్కింపవలెను. అట్టి సవరణలు ఆగిపోయిన పెట్టెను ఇంటర్నెట్టునుండి విడదీసి, ఆఫీసు తెరకు మాత్రమే కలిపి వాడుకొనుట క్షేమము. దూరమునుండి ఫోనులో చూచు సౌకర్యము పోవును; సాక్షి మాత్రము ఇంటిలోనే భద్రముగా ఉండును.

సాక్ష్యమునకు గడియారము కూడ ముఖ్యము. బ్యాటరీ అయిపోయిన పెట్టె, కరెంటు పోయి వచ్చినప్పుడు తన పుట్టిన తేదీకి పోవచ్చును. దృశ్యము నిజమైనను దానిపై తేదీ అబద్ధమగును. ఎలక్ట్రానిక్ నకలును న్యాయస్థానములో సాక్ష్యముగా చూపవలెనన్న ధ్రువపత్రము కావలెనని 2014లో సుప్రీంకోర్టు తేల్చినది. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను కూడ ధ్రువపత్రమును కోరుచున్నది. నకలులో ఒక్క బిట్టు మారినను బయటపెట్టు హాష్ విలువను అందులో వ్రాయవలెను.

విప్పు హక్కు

ఈ చరిత్రలో మరియొక పాఠమున్నది. తొలినాటి టివోను విప్పి బాగుచేసికొనినవారు తరువాతి పెట్టెలలో ఆ పని చేయలేకపోయిరి. సంస్థ అంగీకరింపని ప్రోగ్రామును పెట్టె నడపకుండునట్లు తాళము వేయబడినది. దీనికి ప్రతిక్రియగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమువారు 2007లో తమ అనుమతిపత్రపు మూడవ కూర్పులో, ఇండ్లలో వాడు యంత్రములకు అట్టి తాళము వేయుటను అడ్డుకొను నిబంధన చేర్చిరి. మన దేశములో వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కునకై ఒక పోర్టలు తెరచినది. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నియమములు తయారీదారులపై బాధ్యత పెట్టినవి. పెట్టెలోని సీసము, రాగి, ప్లాస్టిక్కు చెత్తకుప్పలో కాలుటకంటె, ఆ పెట్టె మరి ఐదేండ్లు గోడమీద పనిచేయుట మంచిదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో ఘాతాంకముల పాఠముతో కలిపి చెప్పవచ్చును. పాఠశాలలో డి.వి.ఆర్. ఉన్నచో దాని డిస్కు పరిమాణము, కెమెరాల సంఖ్య, బిట్ల రేటు తెలిసికొని, అందు ఎన్ని దినముల దృశ్యము నిలుచునో విద్యార్థులచే లెక్కకట్టింపవచ్చును. తరువాత పెట్టెలోని అన్నిటికన్న పాత దృశ్యపు తేదీ చూచినచో లెక్క సరియైనదో కాదో తేలును.

చివరకు ఇంకొక గోడ మిగిలియున్నది. అనేక యంత్రములు కాలమును 1970 జనవరి 1నుండి గడచిన సెకనులుగా 32 బిట్లలో వ్రాయుచున్నవి. ఒక బిట్టు ధన ఋణ చిహ్నమునకు పోగా మిగిలిన 31 బిట్లు 2038 జనవరి 19న, మన గడియారము ప్రకారము ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకనులకు నిండిపోవును. ఆ మరుక్షణమున సవరణ పొందని పెట్టెలు 1901వ సంవత్సరమునకు పోవును. నేడు డిస్కు మార్చి నిలబెట్టిన పెట్టెలలో కొన్ని ఆనాటివరకు బ్రతుకవచ్చును. అవి ఎన్ని ఏండ్లు పనిచేయునో వాటి పెంకుమీది దుమ్ము చెప్పదు. లోపలి లెక్క చెప్పును. ఆ లెక్క వేయుటకు రెండును రెండుచే గుణించుట తెలిసిన హైస్కూలు విద్యార్థి చాలును.